ఓనరు ట్యాక్స్ రిఫండ్, పనివాడి గాయం: ఒహాయో చట్టం ఈ రెండింటినీ ఎక్కడ కలిపింది?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చిన్న రెస్టారెంటు నడిపే ఒక ఓనరు ఉన్నాడనుకుందాం. రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్ను వేశాడు. ఆరు వందల డాలర్లు వెనక్కి రావాలి. డబ్బు రాలేదు, ఉత్తరం వచ్చింది. మీరు ప్రభుత్వానికి బాకీ ఉన్నారు, మీ రిఫండ్‌ను అందులో జమకట్టుకున్నాం అని దాని సారాంశం. పన్నులన్నీ కట్టేసిన మనిషికి ఇదేం బాకీ? అంతకుముందు ఏడాది కట్టకుండా వదిలేసిన వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం, అంటే పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి పరిహారమిచ్చే బీమాకు యజమాని కట్టాల్సిన సొమ్ము.

ప్రీమియం కట్టకపోతే పాలసీ ఆగిపోవాలి గానీ, పన్ను శాఖ వచ్చి రిఫండ్ పట్టుకోవడమేమిటని ఆ ఓనరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క వాక్యంలో తేలదు. పన్ను చట్టం, కార్మిక చట్టం, దివాలా చట్టం మూడూ ఇక్కడ ఒకదానికొకటి తగులుతాయి. అమెరికాలో దుకాణాలు, హోటళ్లు, కన్సల్టెన్సీలు పెట్టుకున్న తెలుగువాళ్లకూ, వాటిలో పనిచేసే తెలుగు కుర్రాళ్లకూ ఈ లెక్క తెలిసి ఉండాలి.

గాయానికి ఎవరు పూచీ

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో పనిలో దెబ్బ తగిలిన మనిషికి పరిహారం కావాలంటే కోర్టుకెళ్లి యజమాని తప్పును నిరూపించాలి. తోటి పనివాడి వల్ల తగిలిన దెబ్బ ఇది, ప్రమాదమని తెలిసే నువ్వు పనిలో చేరావు, నీ అజాగ్రత్త కూడా ఇందులో ఉంది అనే మూడు వాదనల్లో ఏ ఒక్కటి నిలిచినా యజమాని బయటపడేవాడు. దీన్ని మార్చాలని న్యూయార్క్ 1910లో చట్టం చేస్తే, ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1911 మార్చి 24న దాన్ని కొట్టేసింది. మర్నాడే అదే న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ షర్ట్‌వేస్ట్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వలస కుటుంబాల యువతులు. ఆ తర్వాత న్యూయార్క్ 1913లో తన రాజ్యాంగాన్నే సవరించుకుని మళ్లీ చట్టం తెచ్చుకుంది. విస్కాన్సిన్‌లో 1911లోనే చట్టం వచ్చి నిలబడింది. చివరిగా మిసిసిపీ 1948లో చేరింది. ఒహాయో 1911లో ఇష్టమైన యజమానులు చేరే పద్ధతి పెట్టి, 1912లో రాజ్యాంగ సవరణ చేసి, 1913లో తప్పనిసరి చేసింది.

ఈ చట్టాలన్నిటి వెనకా ఒకటే ఒప్పందం. తప్పెవరిదని అడగకుండా కార్మికుడికి వైద్యం, జీతంలో కొంత భాగం అందుతాయి. దానికి బదులుగా అతను యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. యజమాని చేయాల్సింది ఒక్కటే, ముందుగానే బీమా కట్టి ఉంచడం. అది కట్టని యజమాని ఒప్పందంలో తన సగాన్ని ఎగ్గొట్టినట్టే. అందుకే ఈ బాకీని నేను క్రెడిట్ కార్డు బాకీతో సమానంగా చూడలేను.

ఒహాయోలో ప్రత్యేకత ఏమిటి

చాలా రాష్ట్రాల్లో ఈ బీమాను ప్రైవేటు కంపెనీల దగ్గర కొనుక్కోవచ్చు. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్ రాష్ట్రాల్లో అలా కుదరదు, రాష్ట్ర ప్రభుత్వ నిధిలోనే కట్టాలి. ఒహాయోలో ఆ నిధిని బ్యూరో ఆఫ్ వర్కర్స్ కాంపెన్సేషన్ నడుపుతుంది. వాడుకలో బీడబ్ల్యూసీ అంటారు. బాగా పెద్ద కంపెనీలు అనుమతి తీసుకుని తమ పరిహారం తామే చెల్లించుకోవచ్చు. మిగతావాళ్లంతా, ఒక్క పనివాణ్ని పెట్టుకున్నా సరే, బీడబ్ల్యూసీకి ప్రీమియం కట్టాల్సిందే.

అంటే ఇక్కడ ప్రీమియం బాకీ పడితే నేరుగా ప్రభుత్వానికే బాకీ పడ్డట్టు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతి చిక్కులు చాలావరకు విడిపోతాయి.

ఆ బాకీ రెండు రకాలుగా పుడుతుంది. మొదటిది మామూలుది. ప్రైవేటు యజమానుల పాలసీ ఏడాది జులై 1న మొదలవుతుంది, అంచనా జీతాల మీద ముందే ప్రీమియం కడతారు. ఏడాది ముగిశాక నిజంగా ఎంత జీతాలిచ్చారో ఆగస్టు 15లోగా లెక్క చెప్పాలి. దీన్ని ట్రూ-అప్ అంటారు. తక్కువ కట్టి ఉంటే తేడా కట్టాలి. లెక్క చెప్పకపోయినా, వాయిదా తప్పినా బాకీ, దాని మీద జరిమానా పేరుకుంటాయి.

రెండోది అసలు భయపడాల్సింది. కవరేజీ ఆగిపోయి ఉన్న రోజుల్లో పనివాడికి దెబ్బ తగిలిందనుకోండి. నూనె మూకుడు మీదపడి చెయ్యి కాలింది, లేదా గోడౌన్‌లో మెట్ల మీంచి పడి వెన్ను విరిగింది. బీడబ్ల్యూసీ ఆ మనిషిని వెళ్లగొట్టదు. క్లెయిమ్ ఆమోదం పొందితే యజమాని కట్టకపోయినా రాష్ట్ర నిధి నుంచి చెల్లిస్తుంది. ఆ ఖర్చంతా యజమాని పేర బాకీగా రాస్తుంది. ప్రీమియం కొన్ని వందల డాలర్లయి ఉండవచ్చు, ఒక్క ఆపరేషన్ బిల్లు అంతకు వందరెట్లు ఉండవచ్చు. అంతేకాదు, కవరేజీ లేని యజమాని మీద కార్మికుడు కోర్టుకు కూడా వెళ్లవచ్చు. అప్పుడు ఇందాకటి మూడు పాత వాదనలూ యజమానికి పనికిరావు.

ముందు కార్మికుడికి ఇవ్వడం, వసూలు సంగతి తర్వాత తాను చూసుకోవడం అనే ఈ వరుసే ఒహాయో చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి. విరిగిన వెన్నుతో మంచం మీదున్న మనిషి ఓనరు వెంట తిరగనక్కర్లేదు.

రిఫండ్ దాకా ఎలా వెళ్తుంది

గడువు దాటిన బాకీని ఒహాయో ప్రభుత్వ శాఖలు 45 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కు అప్పగించాలని చట్టం. అక్కడి వసూళ్ల విభాగం ఉత్తరాలు పంపుతుంది, బయటి లాయర్లను పెడుతుంది, ఆస్తి మీద లీన్ వేస్తుంది, అంటే బాకీ తీరేదాకా ఆ ఆస్తి మీద ప్రభుత్వానికి హక్కు నమోదవుతుంది. ఖర్చు లేకుండా తనంతట తాను పనిచేసే సాధనం మాత్రం ఇంకొకటి ఉంది. అదే రిఫండ్.

రాష్ట్ర చట్టాల సంపుటి అయిన ఒహాయో రివైజ్డ్ కోడ్‌లో 5747.12 అనే సెక్షన్ ఉంది. ఆదాయపు పన్ను రిఫండ్ రావాల్సిన వ్యక్తి రాష్ట్రానికి బాకీ ఉంటే ఆ రిఫండ్‌ను బాకీ కింద జమకట్టుకోవచ్చని అది చెబుతుంది. ఏయే బాకీలకు అన్నది కూడా అందులో రాసి ఉంది. పన్నులు, నిరుద్యోగ బీమా చందాలు, అటార్నీ జనరల్‌కు అప్పగించిన బాకీలతోపాటు వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం పేరు అందులో విడిగా కనిపిస్తుంది. వ్యాపారాలు కట్టే కమర్షియల్ యాక్టివిటీ ట్యాక్స్ రిఫండ్‌కూ ఇలాంటిదే మరో సెక్షన్ ఉంది.

ఇందులో ఒక కీలకమైన షరతుంది. బాకీ ఖరారై ఉండాలి. అంటే దాన్ని సవాలు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు అప్పీలు లేకుండా ముగిసి ఉండాలి, లేదా అప్పీలులో తేలిపోయి ఉండాలి. వివాదం నడుస్తుండగా రిఫండ్ పట్టుకోకూడదు. నా దృష్టిలో ఈ పద్ధతి న్యాయంగా నిలబడేది ఈ షరతు మీదే. బీడబ్ల్యూసీ లెక్కలోనూ పొరపాటు ఉండవచ్చు. డెలివరీ కుర్రాణ్ని ఉద్యోగిగా చూడాలా, సొంతంగా కాంట్రాక్టు చేసుకునేవాడిగా చూడాలా అన్న దగ్గర నిజమైన తగవు ఉండవచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి యజమానికి బీడబ్ల్యూసీలోనే అడ్జుడికేటింగ్ కమిటీ ఉంది. చిక్కంతా నోటీసు కవరు విప్పకుండా బీరువాలో పడేసినవాళ్లకే వస్తుంది. గడువు గడిచిపోతుంది, బాకీ ఖరారవుతుంది, ఏప్రిల్‌లో రిఫండ్ మాయమవుతుంది. అప్పుడు పన్ను శాఖకు ఫోన్ చేసి ఎంత గొడవపడ్డా లాభం లేదు, ఎందుకంటే పన్ను శాఖ దగ్గర ఉన్నది డబ్బు మాత్రమే, తగవు అక్కడ లేదు.

వల కన్నాలు

కాగితం మీద గట్టిగా కనిపించే ఈ సాధనం ఆచరణలో చాలామందిని పట్టుకోలేదు. మొదటి కారణం పేరు. రెస్టారెంటు ఓనరు సొంత పేరు మీద నడుపుతుంటే బాకీ ఆయనదే, రిఫండ్ కూడా ఆయనదే, పట్టుకోవడం తేలిక. అదే ఎల్ఎల్‌సీ (ఓనరుకు పరిమిత బాధ్యత ఉండే కంపెనీ) పెట్టి నడిపితే బాకీ ఎల్ఎల్‌సీది. చాలా ఎల్ఎల్‌సీలు తమంతట తాము ఆదాయపు పన్ను కట్టవు, లాభం ఓనరు రిటర్నులోకి వెళ్తుంది. రిఫండ్ కూడా ఓనరు సోషల్ సెక్యూరిటీ నంబరు మీదే వస్తుంది. బాకీ ఒక నంబరు మీద, రిఫండ్ మరో నంబరు మీద ఉంటే, ఓనరుకు వ్యక్తిగత బాధ్యత ఉందని చట్టప్రకారం తేలేదాకా కంప్యూటరు ఆ రెంటినీ కలపదు. న్యూయార్క్ చట్టం దీన్ని ముందే ఊహించింది. కార్పొరేషన్ బీమా తీసుకోకపోతే దాని ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ స్వయంగా బాధ్యులని రాసిపెట్టింది. బీమా లేని ప్రతి పది రోజులకూ 2,000 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం కూడా అక్కడ ఉంది. ఐదుగురి కన్నా ఎక్కువమందిని బీమా లేకుండా పనిచేయిస్తే జైలు శిక్షకు అవకాశమున్న నేరం.

రెండో కారణం, రిఫండ్ అనేది రావచ్చు, రాకపోవచ్చు. జీతగాడికి నెలనెలా పన్ను కోతపడుతుంది కాబట్టి ఏడాది చివర కొంత వెనక్కి వస్తుంది. సొంత వ్యాపారం ఉన్నవాడు మూడు నెలలకోసారి తానే అంచనా వేసుకుని కడతాడు. రిఫండ్ పోతుందని తెలిసిన మనిషి సరిగ్గా సరిపోయేంతే కడతాడు, వెనక్కి రావాల్సింది ఏమీ మిగలదు. వచ్చినా రాష్ట్ర రిఫండ్ చిన్నది. ఆపరేషన్ బిల్లు బాకీ ముందు ఆరు వందల డాలర్లు ఏమూలకు?

మూడోది దివాలా. ఓనరు దివాలా పిటిషన్ వేసిన క్షణం నుంచి వసూళ్లన్నీ ఆగిపోవాలి. పాత ఆదాయపు పన్ను బాకీకి పాత ఆదాయపు పన్ను రిఫండ్‌ను జమకట్టుకోవడానికి దివాలా చట్టంలో మినహాయింపు ఉంది. వర్కర్స్ కాంప్ ప్రీమియం ఆదాయపు పన్ను కాదు గనక ఆ మినహాయింపు దానికి వర్తించదు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కాకపోతే చెల్లింపుల వరుసలో ఒహాయోకు కొంత బలం ఉంది. రాష్ట్ర నిధికి తప్పనిసరిగా కట్టాల్సిన ప్రీమియం ఒక రకమైన పన్నేనని, దానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఒహాయో కూడా పరిధిలో ఉన్న ఆరో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1993లో సబర్బన్ మోటార్ ఫ్రైట్ కేసులో చెప్పింది. అదే ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం బాకీ పడితే అలాంటి ప్రాధాన్యం దొరకలేదు. 2006లో హోవార్డ్ డెలివరీ సర్వీస్ కేసులో జ్యూరిక్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 6–3తో ఓడిపోయింది. ప్రైవేటు కంపెనీ బాకీ కోసం పన్ను రిఫండ్ పట్టుకునే దారి కూడా లేదు. అది ఇద్దరు ప్రైవేటు పార్టీల మధ్య లెక్క.

ఇక అన్నిటికన్నా పెద్ద కన్నం, ఫెడరల్ రిఫండ్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే ఆదాయపు పన్ను రిఫండ్. సగటున మూడు వేల డాలర్ల చుట్టుపక్కల ఉండే ఈ రిఫండే చాలా ఇళ్లలో ఏడాదికోసారి వచ్చే పెద్ద మొత్తం. దాన్ని పట్టుకోవడానికి ఫెడరల్ ట్రెజరీ దగ్గర ఒక పెద్ద యంత్రాంగం ఉంది, ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రాం. పిల్లల పోషణ ఖర్చు బాకీ, ఫెడరల్ శాఖల బాకీలు, రాష్ట్ర ఆదాయపు పన్ను బాకీలు దాని జాబితాలో ఉన్నాయి. 2008 చట్టంతో నిరుద్యోగ బీమా బాకీలు కూడా చేరాయి. యజమాని కట్టాల్సిన చందాలు కూడా ఇప్పుడు అందులోకి వస్తాయి. వర్కర్స్ కాంప్ బాకీ మాత్రం లేదు. ఒకే ఓనరు, ఒకే జీతాల పట్టీ, రెండు బాకీలు. ఉద్యోగం పోయినవాడి నిధికి ఎగ్గొడితే ఫెడరల్ రిఫండ్ పోతుంది, చెయ్యి పోయినవాడి నిధికి ఎగ్గొడితే పోదు.

దీనికి చారిత్రక కారణం ఉంది. నిరుద్యోగ బీమా 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి కట్టిన వ్యవస్థ. వర్కర్స్ కాంప్ మొదటినుంచీ రాష్ట్రాల సొంత వ్యవహారం, పైగా ఎక్కువచోట్ల ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. కారణం అర్థమవుతుంది గానీ, అది సరిపోదని నా అభిప్రాయం. అప్పీలు గడువు ముగిసి ఖరారైన బాకీలకు, అదీ రాష్ట్ర నిధికి నేరుగా రావాల్సినవాటికి మాత్రమే, 60 రోజుల ముందస్తు నోటీసుతో ఆ తలుపు తెరవవచ్చు. నిరుద్యోగ బీమాకు ఇప్పటికే ఇదే నోటీసు పద్ధతి నడుస్తోంది. ఉమ్మడి రిటర్నులో బాకీతో సంబంధం లేని భార్య లేదా భర్త తన వాటా వెనక్కి అడగడానికి 8379 అనే ఫారం కూడా సిద్ధంగా ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు.

రాష్ట్రాల్లోనూ తేడాలున్నాయి. వయోమింగ్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు, వాషింగ్టన్ కూడా దశాబ్దాలుగా అది లేకుండానే నడిచింది. రాష్ట్ర నిధి ఉన్నా పట్టుకోవడానికి రిఫండ్ ఉండదు. కాలిఫోర్నియాలో బీమా ప్రైవేటుదైనా, బీమా లేని యజమానుల పనివాళ్లకు చెల్లించే ప్రభుత్వ నిధి ఉంది. అక్కడ రాష్ట్ర బాకీల కోసం రిఫండ్‌తోపాటు లాటరీ గెలుపు డబ్బును కూడా పట్టుకుంటారు. మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నూ లేదు, ప్రైవేటు యజమానులకు ఈ బీమా తప్పనిసరీ కాదు.

వసూలు కాని డబ్బు ఎవరి నెత్తిన

పనివాడికి ఎలాగూ డబ్బు అందింది కదా, ఓనరు దగ్గర రాబట్టకపోతే ఏం అని అనిపించవచ్చు. ఆ డబ్బు గాల్లోంచి రాలేదు. రాష్ట్ర నిధి అంటే క్రమంగా ప్రీమియం కట్టే మిగతా యజమానుల సొమ్ము. ఒకే వీధిలో రెండు కిరాణా కొట్లుంటే, కట్టే కొట్టు కట్టని కొట్టు ఖర్చును మోస్తోంది, పైగా ఆ ఎగ్గొట్టిన ప్రీమియంతో అవతలివాడు ధర తగ్గించి అమ్ముతున్నాడు. చిన్న రిఫండైనా వదలకూడదని నేననేది ఇందుకే. అదే సమయంలో, రిఫండ్ పట్టుకోవడం ఒక్కటే చాలదు. సొంత పేరు మీద నడిపే చిన్న ఓనరు దొరికి, కంపెనీల మీద కంపెనీలు పెట్టి మూసేసే పెద్ద ఓనరు తప్పించుకునే సాధనం ఇది. వ్యక్తిగత బాధ్యత సెక్షన్లు, జీతాల తనిఖీలు దానికి తోడుగా నడవాలి.

మన దగ్గర సంగతి వేరు. ఏపీ, తెలంగాణల్లో పరిహారం ఉత్తర్వు వచ్చినా యజమాని కట్టకపోతే, దశాబ్దాలుగా నడిచిన దారి రెవెన్యూ రికవరీ. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయాల్సి ఉండేది. నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ కూడా ఉండేవి. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద కాగితం కలెక్టరాఫీసుకు, అక్కణ్నుంచి ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లాలి. ఆ ఫైలు వెంట తిరిగేది చాలాసార్లు చనిపోయిన మనిషి భార్యే. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లకు కొంత నయం. యజమాని చందా ఎగ్గొట్టినా కార్పొరేషన్ బెనిఫిట్ ఇచ్చి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకునే వీలు 1948 చట్టంలోనే ఉండేది, ఒహాయో వరుసకు దగ్గరగా. ఈ రెండు చట్టాలనూ కలుపుకున్న సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆదాయపు పన్ను రిఫండ్ విషయానికొస్తే, 1961 చట్టంలోని సెక్షన్ 245 దాన్ని పన్ను బాకీలకే సర్దుబాటు చేయనిచ్చింది, కార్మికుడి పరిహారానికి కాదు.

ఒహాయోలో పనిచేస్తున్నవాళ్లకు, ముఖ్యంగా కొత్తగా వెళ్లినవాళ్లకు, చివరగా కొన్ని మాటలు. మీ ఓనరుకు కవరేజీ ఉందో లేదో బీడబ్ల్యూసీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. కవరేజీ సర్టిఫికెట్‌ను పనిచోట అందరికీ కనిపించేలా పెట్టాలి. చట్టం ఉద్యోగి అన్నప్పుడు విదేశీయులను, మైనర్లను కూడా కలిపే చెప్పింది. దెబ్బ తగిలితే ఏడాదిలోగా క్లెయిమ్ వేయాలి. 2017 దాకా రెండేళ్లుండేది, ఇప్పుడు లేదు. పనికి వెళ్లలేని మొదటి 12 వారాలు జీతంలో 72 శాతం, ఆ తర్వాత మూడింట రెండొంతులు, గరిష్ఠ పరిమితికి లోబడి ఇస్తారు. క్లెయిమ్ వేశావని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఓనరు కవరేజీ ఆగిపోయిందని తెలిసినా వెనక్కి తగ్గకండి. మొదటి గాయం రిపోర్టును మీరే వేయవచ్చు, మీకు వైద్యం చేసిన ఆసుపత్రి అయినా వేయవచ్చు. దానికి ఓనరు సంతకం అక్కర్లేదు.